ట్రాలీకి గూడు.. సరుకుకు తోడు

షాద్‌నగర్: తెల్లవారుజామున టమాటా, ఆకుకూరలతో బోయిన్‌పల్లి మార్కెట్‌కు పయనం. తిరిగొచ్చాక మధ్యాహ్నం సిమెంటు బస్తాల రవాణా. సాయంత్రం ఇల్లు మారేవారి బీరువాలు, మంచాల తరలింపు. షాద్‌నగర్ పరిసరాల్లో చిన్న ట్రాలీ వాహనాన్ని నమ్ముకొని బతికే వారి దినచర్య ఇంచుమించు ఇదే. ఉదయపు సరుకుకు ఎండావానల నుంచి రక్షణగా పైన కప్పు ఉండాలి. సాయంత్రపు బీరువాకు అదే కప్పు అడ్డు. శాశ్వతంగా రేకుల బాడీ కట్టిస్తే సగం కిరాయిలు పోతాయి. ఏమీ లేకుండా తిరిగితే ఒక్క వానకు సరుకు పాడై, రైతుకు ధర, డ్రైవరుకు నమ్మకం రెండూ పోతాయి. ఈ రెంటికీ మధ్య మార్గమే అవసరానికి బిగించుకొని, అక్కర తీరాక విప్పుకొనే గూడు. చూడటానికి నాలుగు పైపులు, ఒక పరదా. కొలతలు తప్పితే మాత్రం అదే బండికి భారం, దారిన పోయేవారికి ప్రమాదం. ఇలాంటి గూడును ఎలా రూపొందించుకోవాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో వివరించే ప్రయత్నమిది.

గూడు బండి నేర్పిన పాఠం

విప్పి బిగించే కప్పు ఈ నేలకు కొత్తేమీ కాదు. పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు కురుమూర్తి జాతరకు, మన్యంకొండకు కుటుంబాలు ఎడ్లబండ్లపైనే తరలివెళ్లేవి. ప్రయాణం ఉన్నప్పుడు వెదురు బద్దలను కమానుల్లా వంచి, వాటిపై తడికె లేదా చాప కప్పి బండికి కట్టేవారు. అదే గూడు బండి. జాతర ముగిసి ఇల్లు చేరాక గూడు విప్పి చూరు కింద పెట్టేవారు. మర్నాడు అదే బండి పెంట తోలడానికో, వరి మోపులు తేవడానికో పొలానికి వెళ్లేది. బండి ఒక్కటే, పనులు అనేకం. గూడు తేలికగా ఉండటం, మనుషులు చేతులతోనే విప్పగలగడం, ఎద్దులకు అదనపు భారం కాకపోవడం.. ఈ మూడు సూత్రాలూ నేటి ట్రాలీకి అక్షరాలా వర్తిస్తాయి.

2005 మేలో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చిన తర్వాత పల్లెల నుంచి పట్నానికి సరుకు రవాణా తీరే మారిపోయింది. లారీ నిండేదాకా ఎదురుచూడనక్కర లేకుండా ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక బండి మాట్లాడుకొనే వీలు కలిగింది. షాద్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు 50 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా వెళ్లే ఈ దారి చిన్న వాహనాలకు అనువైనది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో షాద్‌నగర్ మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డి జిల్లాలోకి మారినా, సరుకు వెళ్లే దారి మాత్రం మారలేదు.

ఒకే పనికి కట్టిన బాడీ ఎంత ఇరుకున పెడుతుందో పొరుగు రాష్ట్రంలో కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ పంపిణీకి 9,260 చిన్న వాహనాలను ప్రవేశపెట్టారు. వాటికి ఆ పనికి తగ్గట్టు ప్రత్యేకంగా బాడీలు కట్టించారు. 2025 జూన్ 1 నుంచి పంపిణీ తిరిగి చౌక ధరల దుకాణాలకు మారింది. పని పోయాక అలాంటి బాడీని మరో సరుకుకు మలచుకోవాలంటే మళ్లీ ఖర్చే. విప్పుకొనే గూడుకు ఈ ఇబ్బంది ఉండదు.

మొదట తూకం.. తర్వాతే ఎత్తు

గూడు కట్టించాలనుకునేవారు సాధారణంగా వేసే తొలి ప్రశ్న 'ఎంత ఎత్తు పెడదాం?' అని. అసలు మొదట వేయవలసిన ప్రశ్న 'ఎంత బరువు మోయవచ్చు?' అనేది.

ఉదాహరణకు తొలినాటి టాటా ఏస్‌ను తీసుకుంటే దాని మోత సామర్థ్యం 750 కిలోలు. ట్రాలీ పొడవు 2,200 మి.మీ., వెడల్పు 1,490 మి.మీ. అంటే సుమారు 7.2 అడుగులు, 4.9 అడుగులు. ఇతర బండ్లకు ఈ అంకెలు మారతాయి. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన మొత్తం బరువు నుంచి ఖాళీ బండి బరువు తీసివేస్తే మోయదగిన బరువు తెలుస్తుంది. బిగించిన గూడు బరువు ఎంతయితే అంత మేర ఆ సామర్థ్యం తగ్గుతుంది.

54 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 29 ఎత్తు ఉండే ప్లాస్టిక్ ట్రేలో 25 కిలోల దాకా టమాటా పడుతుంది. ట్రే బరువుతో కలిపి 27 కిలోలనుకుందాం. ఈ ట్రాలీ నేలపై ఒక వరుసకు 15, 16 ట్రేలు అమరుతాయి. 45 కిలోల గూడు పోను మిగిలే 705 కిలోలకు 26 ట్రేలు మాత్రమే సరి. అంటే రెండో వరుస పూర్తిగా నిండకముందే బండి మోత పూర్తవుతుంది. రెండు వరుసల ఎత్తు రెండడుగులు కూడా ఉండదు. టమాటా కోసమే అయితే ఐదడుగుల గూడు అనవసరం. పైగా ఖాళీ కనిపిస్తే మూడో వరుస పెట్టాలనిపిస్తుంది. మూడు వరుసలు పేరిస్తే బరువు 1,200 కిలోలు దాటుతుంది. బ్రేకులు, టైర్లు, కమాను పట్టీలు అంత భారానికి చేసినవి కావు.

ఆకుకూరలు, పూలు ఇందుకు భిన్నం. వాటికి బరువు తక్కువ, జాగా ఎక్కువ. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తీసుకెళ్లే బండికి నాలుగడుగుల ఎత్తు ఉపయోగపడుతుంది. రెండు రకాల సరుకూ మోసేవారు గూడు కాళ్లను రెండు ముక్కలుగా చేయించుకోవడం మేలు. రెండున్నర అడుగుల ఎత్తుకు కింది కాళ్లు, అవసరమైనప్పుడు తొడిగే ఒకటిన్నర అడుగుల పొడిగింపు ముక్కలు. అతుకు వద్ద ఒక పైపు మరో పైపులోకి కనీసం ఆరంగుళాలు దిగాలి. పరదాను పెద్ద కొలతకే కుట్టించి, తక్కువ ఎత్తులో వాడినప్పుడు మిగులును చుట్టి కట్టుకోవాలి.

చట్రం తేలిక.. కమానులు నాలుగు

ట్రాలీ పొడవును మూడు భాగాలుగా విభజించి ముందు, వెనుక, మధ్యలో రెండు చొప్పున నాలుగు కమానులు నిలపాలి. ఒక్కో కమానుకు రెండు కాళ్లు, పైన ఒక అడ్డ పైపు. వాటిని కలుపుతూ నిలువునా ఐదు పైపులు.. పైన మూడు, పక్కలకు రెండు. 25 మి.మీ. చదరపు ఇనుప పైపు, 1.6 మి.మీ. మందం ఉన్నది ఈ పనికి సరిపోతుంది. నాలుగడుగుల ఎత్తుకు మొత్తం 26 మీటర్ల పైపు పడుతుంది. మీటరుకు సుమారు 1.2 కిలోల చొప్పున చట్రం బరువు 31 కిలోలు. కింది గొట్టాలు, పిన్నులు కలిపితే మరో నాలుగైదు కిలోలు. చదరపు మీటరుకు 650 గ్రాములు తూగే పీవీసీ పూత పరదా మడతలు, అంచులతో కలిపి తొమ్మిది పది కిలోలు. మొత్తం 45 కిలోల చిల్లర.

ఇదే గూడును మిల్లీమీటరు మందం రేకుతో మూస్తే ఒక్క రేకు బరువే 90 కిలోలు దాటుతుంది. చట్రంతో కలిపి 125 కిలోలు. తేడా 80 కిలోలు. అంటే ప్రతి ప్రయాణంలోనూ మూడు టమాటా ట్రేల కిరాయి వదులుకున్నట్లే. రేకుకు దొంగల భయం తక్కువన్న మాట నిజమే కానీ, కూరగాయల బండికి ఆ అవసరం అరుదు.

చట్రం నిలువు, అడ్డ పైపులతోనే ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు ఒరుగుతుంది. కొద్ది నెలల్లో అతుకులు పగులుతాయి. అందుకే రెండు పక్కలా ఒక్కో ఏటవాలు పైపు తప్పనిసరి. చతురస్రాన్ని తోస్తే ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. ఇంటి పైకప్పు దూలాలకు వాడే సూత్రమే ఇది.

గాలి లెక్క తప్పితే గూడు గల్లంతే

వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చదరపు మీటరుకు ఏడున్నర కిలోలుండే ఒత్తిడి, 80 కిలోమీటర్లకు చేరేసరికి 30 కిలోలవుతుంది. ఈ ట్రాలీ పైకప్పు విస్తీర్ణం సుమారు 3.2 చదరపు మీటర్లు. బండి పరుగెడుతున్నప్పుడు పైకప్పు మీదుగా వేగంగా సాగే గాలి దాన్ని పైకి లాగుతుంది. ఆ ఒత్తిడిలో సగం మేర పైకి పనిచేసినా 48 కిలోలు. గూడు మొత్తం బరువు 45 కిలోలే. బిగింపు లేని గూడు జాతీయ రహదారిపై లేచిపోవడానికి ఈ లెక్క చాలు. ఎదురుగా పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు వచ్చే కుదుపు దీనికి అదనం. ఊడిన పైపు వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడికి ప్రాణాంతకం.

ఇందుకు చేయవలసినవి మూడు. గూడును క్యాబిన్ పైకప్పు కన్నా వీలైనంత తక్కువగా పైకి లేపాలి. తప్పనిసరిగా లేపితే ముందు అంచును నిటారుగా కాక వెనక్కి వాలేలా చేయించాలి. పరదా ముందు భాగంలో గాలి దూరే సందు లేకుండా గట్టిగా లాగి కట్టాలి. వదులు పరదా టపటపా కొట్టుకుంటూ కుట్ల వద్ద చిరుగుతుంది.

నీరు నిలిస్తే బరువే

పైకప్పు చదునుగా ఉంటే వాన నీరు పరదా మధ్యలో గుంటలా నిలుస్తుంది. పైకప్పు అంతటా సెంటీమీటరు నీరు నిలిస్తే 32 కిలోలు. పరదా సాగినకొద్దీ గుంట లోతవుతుంది, మరింత నీరు చేరుతుంది. బ్రేకు వేయగానే ఆ నీరంతా ఒక్కసారిగా ముందు అద్దంపై పడితే దారి కనిపించదు. కాబట్టి కమాను నడుమ భాగం అంచుల కన్నా కనీసం మూడంగుళాలు ఎత్తుండాలి. పైపును గుండ్రంగా వంచినా, ఇంటి వెన్నులా మధ్యలో లేపినా ఫలితం ఒక్కటే. పక్క పరదా ట్రాలీ అంచుకు బయటి వైపున నాలుగంగుళాలు కిందికి దిగాలి. లోపలికి దోపితే నీరు నేరుగా సరుకు మీదకే చేరుతుంది.

ఎండ, దుమ్ము, పొగ

వానకు భయపడి నాలుగు వైపులా మూసేస్తే మరో ముప్పు. కోసిన తర్వాత కూడా కూరగాయలు శ్వాసిస్తూనే ఉంటాయి. ఆ క్రమంలో వేడి, తేమ వెలువడతాయి. గాలి ఆడని గూడులో ఆకుకూర మగ్గిపోతుంది, టమాటా మెత్తబడుతుంది. ముదురు నీలం, నలుపు పరదాలు ఎండను పీల్చుకుంటాయి. తెలుపు లేదా వెండి రంగు వైపు బయటికి ఉండేలా చూసుకుంటే లోపల వేడి తగ్గుతుంది.

వెనుక వైపు మాత్రమే తెరిచి ఉంచడం చాలామంది చేసే పొరపాటు. పరుగెత్తే బండి వెనుక గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది. దాంతో రోడ్డు దుమ్ము, బండి పొగ వెనుక నుంచే గూడులోకి చొరబడతాయి. ముందు భాగంలో పక్కలకు వల అమర్చిన చిన్న కిటికీలు పెట్టి, వాటిపై వానకు అడ్డుగా రెప్ప కుట్టిస్తే గాలి ముందు నుంచి వెనక్కి సాగుతుంది. దుమ్ము లోపలికి రావడం తగ్గుతుంది.

బిగింపే ప్రాణం

విప్పుకొనే గూడులో కీలకం కాళ్లు దిగే గొట్టాలు. 25 మి.మీ. కాలుకు 32 మి.మీ. చదరపు పైపు ముక్క గొట్టంగా సరిపోతుంది. దీని పొడవు ఐదారంగుళాలకు తగ్గకూడదు. గొట్టాన్ని ట్రాలీ పలుచటి రేకుకు కాక నేల కింది అడ్డ దూలానికి చేరేలా, కింద మందపాటి పట్టీ వేసి బోల్టులతో బిగించాలి. బండి ఛాసిస్‌కు రంధ్రాలు చేయడం, వెల్డింగ్ చేయడం ఎంతమాత్రం తగదు. గొట్టం అడుగున చిన్న రంధ్రం ఉంటే నీరు కారిపోతుంది, లేదంటే తుప్పు పడుతుంది.

ప్రతి కాలుకూ అడ్డంగా ఒక పిన్ను, పిన్ను జారకుండా చివర క్లిప్పు ఉండాలి. పిన్నును చిన్న గొలుసుతో గొట్టానికే కట్టి ఉంచితే పోదు. ట్రాలీ పక్కలు తెరుచుకునే రకమైతే గూడు బిగించిన తర్వాత కూడా అవి తెరుచుకోగలగాలి. గొట్టానికీ కాలుకూ మధ్య రబ్బరు ముక్క పెడితే గలగల చప్పుడుతో పాటు అరుగుదల కూడా తగ్గుతుంది. కమానులకు ఒకటి, రెండు అని రంగుతో అంకెలు వేసుకుంటే చీకట్లోనూ తడబాటు ఉండదు. ఒక్కో కమాను బరువు ఐదు కిలోల లోపే కాబట్టి ఇద్దరు మనుషులు సులువుగా విప్పి బిగించగలరు.

ఒక్క మాట మరువరాదు. గూడు ఎండావానలకు కప్పు మాత్రమే, సరుకును ఆపే గోడ కాదు. ట్రేలను ట్రాలీ కొక్కేలకు విడిగా తాళ్లతో కట్టాల్సిందే. నీడ ఉంది కదా అని కూలీలను, పెళ్లి బృందాలను ఎక్కించుకోవడం అంతకన్నా ప్రమాదకరం. బండి పల్టీ కొడితే ఈ పైపులు ఎవరినీ కాపాడలేవు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. నిబంధనలకు విరుద్ధంగా మార్పులు చేసే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5 వేల జరిమానా, లేదా రెండూ విధించే వీలును 2019 సవరణ చట్టం కల్పించింది. సరుకు పక్కలకు, ముందు వెనుకలకు, అనుమతించిన ఎత్తును మించి బయటికి పొడుచుకొస్తే రూ. 20 వేల జరిమానాను అదే సవరణ పేర్కొంది.

తెరిచిన ట్రాలీగా నమోదైన బండికి శాశ్వతంగా మూసిన బాడీ వెల్డింగ్ చేయిస్తే బాడీ రకం, ఖాళీ బరువు రెండూ మారతాయి. విప్పుకొనే గూడుకు ఈ చిక్కు తక్కువే అయినా, పని మొదలుపెట్టే ముందు కొలతలతో గీసిన బొమ్మను మోటారు వాహనాల తనిఖీ అధికారికి చూపి సలహా తీసుకోవడం క్షేమం. సరుకు రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అప్పుడు అభ్యంతరం వస్తే పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. గూడు ట్రాలీ వెడల్పును మించరాదు. వెనుక లైట్లు, నంబరు ప్లేటు, మెరిసే పట్టీలను పరదా కప్పేయకూడదు. తెల్లవారుజాము మంచులో వెనుక వచ్చే బండికి ఆ ఎర్ర పట్టీయే ఆనవాలు.

వెల్డింగ్ షాపులో..

చట్రాన్ని బండిపై పెట్టి కాకుండా నేలపైనే వెల్డింగ్ చేయించాలి. తప్పనిసరై బండిపై చేయవలసివస్తే ముందుగా బ్యాటరీ తీగ విప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 వాహనాల్లో ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువ. వెల్డింగ్ విద్యుత్తుతో అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. డీజిల్ ట్యాంకు, గొట్టాల దరిదాపుల్లో నిప్పురవ్వలు పడనీయరాదు. జీఐ పైపు వాడితే అతుకు వద్ద జింకు పూతను గీకి తీయాలి. ఆ పొగ పీల్చిన వెల్డర్లకు చలి జ్వరం వస్తుంది. అతుకులపై రెడాక్సైడ్, ఆపై రంగు వేస్తే తుప్పు దరిచేరదు.

బేరం మొత్తంగా మాట్లాడుకోకుండా పైపు ధర కిలోల్లో, పరదా ధర చదరపు అడుగుల్లో, కూలి విడిగా అడగాలి. అప్పుడే పలుచటి పైపు అంటగట్టే అవకాశం ఉండదు. చట్రం తయారయ్యాక తూకం వేయిస్తే చెప్పిన మందం వాడారో లేదో ఇట్టే తేలిపోతుంది.

తొలి కిరాయికి ముందే పరీక్ష

గూడు బిగించాక పది నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టి, లోపల పరిచిన కాగితాలు తడిశాయేమో చూడాలి. తర్వాత ఖాళీ బండితో రాయికల్ టోల్‌ప్లాజా దాకా వెళ్లొచ్చినా చాలు, వదులైన బోల్టులు తెలిసిపోతాయి. వాటిని మళ్లీ బిగించి, మొదటి వారం రోజూ ఒకసారి సరిచూసుకోవాలి. చివరగా ఇద్దరు మనుషులు గడియారం పెట్టుకొని గూడు విప్పి చూడాలి. పావుగంటకు మించి పడితే ఎక్కడో అతుకు బిగుతుగా ఉన్నట్లే. విప్పడం కష్టమైన గూడును ఎవరూ విప్పరు. అప్పుడది విప్పుకొనే గూడు పేరుతో నిలిచిపోయిన శాశ్వత బాడీ అవుతుంది.

పరదాను ఆరబెట్టకుండా మడిస్తే బూజు పడుతుంది. చట్రాన్ని గోడకు తగిలిస్తే వంగదు. ఈ పాటి శ్రద్ధ ఉంటే ఒకే బండి ఉదయం కూరగాయలకు, పగలు సిమెంటుకు, సాయంత్రం సామానుకు పనికొస్తుంది. తాతల కాలంలో జాతర నుంచి వచ్చి గూడు విప్పిన ఎడ్లబండి మర్నాడు పొలానికి సాగినట్లే.